లోర్నా రెండో తుపాకీ

లోర్నా బెసెట్ పోలీసు ఉద్యోగంలో చేరేనాటికి ఆమెకు నలభై నాలుగేళ్లు. అంతకుముందు ఇరవై ఏళ్లు మా హెరన్ బేలో స్కూలు బస్సు నడిపింది. ఊళ్లో ముప్ఫై ఏళ్ల లోపు వాళ్లలో సగం మంది ఆమె బస్సెక్కి బడికి వెళ్లినవాళ్లే. అందుకని ఆమె యూనిఫాంలో వచ్చి జోరుగా పోతున్న కారును ఆపితే, లోపలున్నవాడు లైసెన్సు తీయడానికి ముందు సీట్లో నిటారుగా సర్దుకుని కూర్చునేవాడు. స్టేషన్లో రేడియో దగ్గర ఉండేది నేను, డోరీన్‌ని. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ. ఆమె మాటలు అందరికన్నా ముందు నా చెవిలోనే పడతాయి కాబట్టి ఈ రెండో తుపాకీ సంగతి మొదటినుంచీ నాకు తెలుసు.

అక్టోబరు మొదటివారంలో ఒకరోజు పొద్దున్నే, రిటైరైన పాస్టర్ ఆస్ట్రాండర్ గారి ట్రక్కుకు అడ్డంగా జింక దూకింది. దాని కాళ్లు విరిగాయి గానీ ప్రాణం పోలేదు. చిత్తడినేల పక్కన, రోడ్డు గట్టు కింద గిలగిల కొట్టుకుంటోందని, చూడలేకపోతున్నానని ఆయన ఫోన్ చేశారు. దాని బాధ తీర్చమని నేను లోర్నాను పంపాను. ఆమె కారు ఆపి, గట్టు దిగబోయి, తడి ఆకుల మీద కాలు జారి, కుడిపక్కకు పడి నడుము దాకా నల్లటి బురదలోకి వెళ్లిపోయింది. లేచి నడుముకున్న పిస్టల్ తీస్తే గొట్టం నిండా బురదే. అలాంటి తుపాకీ పేలిస్తే గొట్టం పగిలి తన చేతికే ముప్పని ఆమెకు తెలుసు. రేడియోలో నన్ను పిలిచింది.

“డోరీన్, నా తుపాకీ బురద మింగి కూర్చుంది. ఇంకెవరైనా ఉంటే పంపు.”

ఆ సమయానికి డ్యూటీలో ఉన్న రెండో మనిషి కర్టిస్ పెల్టో. అతను పాతిక మైళ్ల అవతల కోర్టులో సాక్ష్యం చెప్పడానికి వెళ్లి ఉన్నాడు. ఆ మాట నేను చెప్పేలోపే పాస్టర్ గారు ట్రక్కు సీటు వెనకనుంచి తన పాత రైఫిల్ తీసి, లోర్నాను మర్యాదగా అనుమతి అడిగి, పని ముగించారు. తర్వాత టోపీ తీసి జింక కోసం రెండు ముక్కలు ప్రార్థన చేశారు. ఆ తర్వాత జేబురుమాలు తీసి లోర్నా మొహం తుడిచారు.

ఆయన ఈ కథను ఆదివారం చర్చిలో కాఫీల దగ్గర చెప్పారు. సోమవారానికి ఊరంతా తెలిసిపోయింది. బేకరీలో ఎవరో ఆమె రొట్టెలతోపాటు సంచిలో ఒక సబ్బుబిళ్ల పెట్టి ఇచ్చారు. లోర్నా అందరితోపాటు నవ్వింది, ఆ సబ్బు వాడుకుంది కూడా. కానీ ఆ మధ్యాహ్నం స్టేషన్లో నా పక్కన కూర్చుని, “జింక కాబట్టి సరిపోయింది. ఎదురుగా ఉన్నది మనిషైతే పాస్టర్ గారిని ఎక్కడ వెతుక్కోను?” అంది.

ఆరోజే చీఫ్ కాలియో గదిలోకి వెళ్లి రెండో తుపాకీ సంగతి అడిగింది. నిబంధన ఎప్పటినుంచో ఉంది. నడుముకున్న తుపాకీ మొరాయించినా, కుడిచెయ్యి ఎక్కడైనా చిక్కుకుపోయినా పనికొచ్చేలా ఎవరైనా ఇంకో చిన్నది దగ్గర ఉంచుకోవచ్చు. కాకపోతే డిపార్ట్‌మెంటు పైసా ఇవ్వదు. ఎవరిది వాళ్లే కొనుక్కోవాలి. తుపాకులు నేర్పే సార్జెంట్ ఆర్విడ్ నైలండ్ దాన్ని పరీక్షించి, కొన్నవాళ్లను కూడా పరీక్షించి, సరేనని సంతకం పెట్టాలి. అప్పటికి మా ఆరుగురిలో రెండోది ఉన్నవాడు కర్టిస్ ఒక్కడే.

లోర్నా భర్త జీన్ పడవలమీద పరిచే గుడ్డకప్పులు కుడతాడు. ఇద్దరూ కలిసి ఆ ఏడాది సౌనాకు, అంటే ఇంట్లో ఆవిరిస్నానం చేసే గదికి, కొత్త పొయ్యి కొనాలని కొంత దాచుకున్నారు. పాత పొయ్యి అడుగు తుప్పుపట్టి, వేడెక్కడానికి గంటన్నర తీసుకుంటోంది. జీన్ ఆలోచించి, సౌనా ఇంకో చలికాలం ఆగుతుందిలే అన్నాడట. అన్నాక ఒక నిట్టూర్పు కూడా విడిచాడట. ఒరతో కలిపి మూడువందల యాభై డాలర్లు దాటకూడదని ఇద్దరూ మాట అనుకున్నారు.

ఇక సలహాలు మొదలయ్యాయి. మా ఊళ్లో తుపాకీ లేని ఇల్లు లేదు, తుపాకీ గురించి అభిప్రాయం లేని నోరు అంతకన్నా లేదు. పళ్ల డాక్టరు ఆమె నోట్లో రెండు పనిముట్లు పెట్టి మరీ రివాల్వరే నమ్మకమని చెప్పాడు. పోస్టాఫీసు ఆవిడ జేబులో దాగే బుల్లి పిస్టల్ కొనమంది. మంచు తోసే బండివాడు రోడ్డు మధ్యలో బండి ఆపి, పోలీసుకు రెండో తుపాకీ కాదు, రెండో జత బూట్లు కావాలన్నాడు. లోర్నా అందరి మాటా ఓపిగ్గా విని తలాడించింది. అరవై మంది పిల్లల గోల మధ్య ఇరవై ఏళ్లు బండి నడిపిన మనిషికి అదొక లెక్కా?

కర్టిస్ సలహా వేరు. అతనికి ముప్ఫై ఏళ్లు. ఉద్యోగంలో లోర్నాకన్నా ఏడేళ్లు సీనియర్. కానీ ఒకప్పుడు ఆమె బస్సులో చివరి సీటులో కూర్చున్నవాడు కాబట్టి ఇప్పటికీ ‘మీరు’ అనే అంటాడు, ఆమె ‘ఒరేయ్’ అనే అంటుంది. ప్యాంటును మోకాలి దగ్గర పట్టి పైకి లాగి, చీలమండకు కట్టుకున్న తన చిన్న పిస్టల్ చూపించాడు. మేము డ్యూటీలో వాడే పిస్టల్ తయారుచేసిన కంపెనీదే అది, అదే తూటా, తూటాలు నింపే పెద్దదాని మ్యాగజైన్ కూడా దీనిలో సరిపోతుంది. దీనికి మించింది లేదని, కొనేదేదో ఒకేసారి మంచిది కొనుక్కోమని చెప్పాడు. ధర అడిగితే అయిదువందల అరవై అన్నాడు. లోర్నా అతని ప్యాంటు అంచు తనే కిందికి లాగి, “దాచుకోరా నాయనా, చల్లగాలి తగులుతుంది” అంది.

ఆ శనివారం ఇద్దరం హిల్మా శారీ దుకాణానికి వెళ్లాం. హిల్మా జీన్‌కు మేనత్త. డెబ్బై రెండేళ్లు. ముందు గదిలో గాలాలు, ఎరలు, మంచు పారలు, వెనక గదిలో తుపాకులు అమ్ముతుంది. చుట్టరికం చూసి ధర తగ్గించే అలవాటు లేదు. లోర్నా ఎంతలో కావాలో చెప్పగానే ఆవిడ బల్లమీద ఆకుపచ్చ తువ్వాలు పరిచి దానిమీద మూడు పెట్టింది. ఒక్కొక్కటీ ఖాళీగా ఉందని తాను చూసి, మాకు చూపించి, లోర్నాను కూడా చూసుకోమంది.

మొదటిది అరచేతిలో ఇమిడే బుల్లి పిస్టల్. నూట తొంభై డాలర్లు. లోర్నా మొహం వెలిగింది.

“చవకే. అందుకే ఇప్పటికి మూడుసార్లు అమ్మాను, మూడుసార్లూ నా దగ్గరికే తిరిగొచ్చింది,” అంది హిల్మా.

రెండోది కర్టిస్‌ది లాంటిదే, కొత్తది. దాని ధర అందరికీ తెలిసిందే కాబట్టి లోర్నా దాన్ని ముట్టుకోలేదు. మూడోది రివాల్వర్. దక్షిణాన ఏదో ఊరి పోలీసులు పాతవన్నీ మార్చుకున్నప్పుడు వచ్చిన సరుకట. అయిదు తూటాలు పడతాయి. నల్లరంగు అంచుల్లో అరిగి తెల్లగా మెరుస్తోంది. పిడిమీద ఎవరిదో పేరులో మొదటి అక్షరం గీకి ఉంది. రెండువందల నలభై.

దుకాణం వెనక పాత కంకరగుంటలో కాల్చి చూసుకునే వీలుంది. హిల్మా కూడా చెవులకు మూతలు పెట్టుకుని మాతోపాటు వచ్చింది. బుల్లి పిస్టల్ మూడో తూటాకే ఇరుక్కుంది. సరిచేసి కాలిస్తే మళ్లీ అయిదో తూటాకు ఇరుక్కుంది. పైగా కాల్చినప్పుడల్లా బొటనవేలు సందులో చర్మం కొరుకుతోంది. తూటా ఎక్కాలంటే దాని పైభాగం వెనక్కి లాగాలి, దానికి కూడా లోర్నా అవస్థపడింది. బస్సు తలుపు తీసే లివరు ఏళ్ల తరబడి రోజుకు వందసార్లు లాగి లాగి ఆమె కుడి బొటనవేలి కీలు అరిగిపోయింది. ఆమె ఆ పిస్టల్ ఖాళీచేసి హిల్మా చేతికి ఇచ్చేసింది.

రివాల్వర్‌కు ఆ బాధ లేదు. లాగే పైభాగం లేదు, ఇరుక్కునే మ్యాగజైన్ లేదు. ట్రిగ్గర్ బరువే, అయినా కుడిచేత్తో అయిదూ కాల్చి అయిదూ కాగితం మధ్యలోనే వేసింది. అప్పుడు హిల్మా, “ఎడమచేత్తో కూడా ఓసారి చూడమ్మాయ్. కుడిచెయ్యి బాగున్నప్పుడు నీకు ఇదెందుకు?” అంది.

లోర్నాకు చలేస్తోంది, ఆకలేస్తోంది. తర్వాత ఇంటి దగ్గర చూసుకుంటానంది. రివాల్వర్ కొన్న కాగితాలన్నీ రాసి సంతకాలయ్యేసరికి ఒక పూట గడిచింది. ఇంటికి వెళ్లేదారిలో ఆమె ఎంత సంతోషంగా ఉందంటే, పళ్ల డాక్టరు చెప్పింది నిజమేనని ఆయనకు ఫోన్ చేసి చెబుదామా అని నన్ను అడిగింది. వద్దన్నాను. మళ్లీ నోరు తెరవమంటాడు.

సోమవారం ఆర్విడ్ పరీక్ష తేదీ చెప్పాడు. ఆర్విడ్‌కు ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు. మాటలు తక్కువ. రెండో తుపాకీ ఉన్నవాళ్లంతా, అంటే కొత్తగా కొన్న లోర్నా, ముందే ఉన్న కర్టిస్, నవంబరు రెండోవారంలో రావాలన్నాడు. చలికోటు, చేతితొడుగులు వేసుకుని రావాలన్నాడు. కాల్చేదంతా ఎడమచేత్తోనే అన్నాడు. అది విని లోర్నా ఒక్కక్షణం నావైపు చూసింది. నేను నా కాఫీ కప్పువైపు చూసుకున్నాను.

ఆ రాత్రినుంచి ఇంట్లో తూటాల్లేని రివాల్వర్‌తో ఎడమచేతి సాధన. జీన్ ఒకపక్క గుడ్డ కుడుతూ ట్రిగ్గర్ చప్పుళ్లు లెక్కపెట్టేవాడు. నలభై దాటాక తుపాకీ గొట్టం వణకడం కుర్చీలోంచే తనకు కనిపిస్తోందనేవాడు. పట్టు పెరగాలంటే మెత్తటి బంతి పిసకమని ఆర్విడ్ సలహా ఇచ్చాడట. ఇంట్లో బంతి దొరక్క, కుక్క ఆడుకునే రబ్బరు బాతుబొమ్మ తీసుకుని కారులో పెట్టుకుంది. గస్తీ తిరుగుతూ ఎడమచేత్తో అదే పిసికేది. రేడియో నొక్కి తానెక్కడుందో చెబుతుంటే మధ్యలో కీచుమని బాతు అరిచేది. రెండోరోజు పక్క కౌంటీ రేడియో ఆమె ఫోన్ చేసి, మీ లైనులో ఏదో పక్షి పడిందమ్మా అంది. తెలుసులే, అది మా మనిషే అన్నాను.

పరీక్షరోజు నాకు సెలవు. పొద్దున్నే మాంసం, బంగాళాదుంప కూరి మడిచే పేస్టీలు ఒక డజను కాల్చి, తువ్వాలులో చుట్టి వెళ్లాను. అప్పటికే జానెడు మంచు పడింది. ఎండ కాస్తోంది. ఆర్విడ్ గస్తీ కారొకటి తెచ్చి కాల్పుల మైదానం పక్కన ఆపాడు. మొదటి పరీక్ష ఆ కారులోనే. తుపాకులు ఖాళీగా ఉండాలి. అతను రెండుసార్లు చూశాడు, వాళ్లను ఒకసారి చూసుకోమన్నాడు. కోటు, తొడుగులు వేసుకుని, సీటుబెల్టు పెట్టుకుని స్టీరింగు ముందు కూర్చోవాలి. పక్కసీట్లో ఆర్విడ్ కూర్చుని కుడిచెయ్యి గట్టిగా పట్టుకుంటాడు. అయిదు సెకన్లలో ఎడమచేత్తో రెండో తుపాకీ బయటికి రావాలి.

ముందు కర్టిస్ వెళ్లాడు. మొదలన్నాడు ఆర్విడ్. కర్టిస్ చీలమండ దాకా చెయ్యి చాచబోయాడు. బెల్టు పట్టేసింది. పొట్ట స్టీరింగుకు తగిలింది. కాలు పైకి తీసుకురావాలని చూశాడు. మోకాలు స్టీరింగు కింద ఇరుక్కుంది. ఇంకో పక్కకు తిరగబోతే మోచెయ్యి హారను మీద పడింది. అది మోగుతూనే ఉంది. మైదానం చివర చెట్లమీదున్న కాకులన్నీ లేచిపోయాయి. అయినా కర్టిస్ వదల్లేదు. బూటును కిటికీ అంచు దాకా ఎత్తాడు, అది అక్కడే ఉండిపోయింది. చివరికి నేనూ లోర్నా వెళ్లి తలుపు తీసి కాలు కిందికి దించాల్సి వచ్చింది.

ఆర్విడ్ గడియారం చూసుకుని, “యాభై రెండు. ఆ దొంగ ఈపాటికి కాఫీ తాగి ఇంటికెళ్లిపోయాడు,” అన్నాడు.

తర్వాత లోర్నా. రివాల్వర్ కోటు ఎడమజేబులో, జేబుకు సరిపోయేలా జీన్ కుట్టిన ఒరలో ఉంది. తొడుగు వేలు ట్రిగ్గర్ దగ్గర దూరదని ఇంట్లోనే కనిపెట్టింది. అందుకని ఆర్విడ్ మొదలనగానే తొడుగును పళ్లతో పట్టి లాగేసింది, జేబులో చెయ్యి పెట్టి తీసేసింది. నాలుగు సెకన్లు. తొడుగు ఇంకా నోట్లోనే ఉంది. ఆర్విడ్ తలాడించాడు. అతని లెక్కలో అది చప్పట్లు కొట్టడమే.

రెండో పరీక్ష అసలు తూటాలతో. ఏడు గజాలనుంచి ఎడమచేత్తో అయిదు కాల్చాలి, నాలుగు కాగితం మీది గీత లోపల పడాలి. కర్టిస్ ఈసారి తుపాకీని కాలినుంచి తీసే పని లేకుండా చేతికే అందుకుని నిలబడి అయిదుకు అయిదూ వేశాడు. మొహం కొంచెం తేరుకుంది. లోర్నా నిలబడింది. ట్రిగ్గర్ సగం లాగేసరికే గొట్టం పక్కకు పోతోంది. రెండు లోపల, మూడు బయట. ఆర్విడ్ ఇంకో అవకాశం ఇచ్చాడు. మళ్లీ రెండే. ఆ బాతును అన్ని రోజులు పిసికినా మూడోది లోపలికి రాలేదు. ఆమె తూటాలు ఖాళీచేసి, రివాల్వర్ బల్లమీద పెట్టి, చేతులు కోటులో దోపుకుని మంచులోకి చూస్తూ నిలబడింది. ఆమెకు ఏడుపు రాదు. బస్సు చెడిపోయి పిల్లలతో రోడ్డుమీద ఆగిపోయిన రోజుల్లో కూడా అలాగే నిలబడేది.

నేను తువ్వాలు విప్పాను. ముందు తిందాం అన్నాను. నలుగురం నా ట్రక్కు వెనక తలుపు దించి దానిమీద కూర్చుని పేస్టీలు తిన్నాం. ఆర్విడ్ రెండోది కూడా తినేసి, చేతులు దులుపుకుని, బల్లమీదున్న రెండు తుపాకులనూ చూశాడు.

“రెండూ మంచి తుపాకులే. కాకపోతే ఒకరిది ఇంకొకరి దగ్గరుంది,” అన్నాడు.

అతను రోజుకు మాట్లాడే మాటల్లో సగం అందులోనే అయిపోయాయి. ఇద్దర్నీ లేపి, మార్చుకుని కాల్చమన్నాడు. కర్టిస్ చెయ్యి ఎలుగుబంటి పంజా అంత ఉంటుంది. బరువైన ట్రిగ్గర్ అతనికి తెలియనేలేదు. ఎడమచేత్తో అయిదూ లోపలేశాడు. దాన్ని ఖాళీచేసి, కోటు జేబులో పెట్టి కారులో కూర్చోబెడితే మూడు సెకన్లలో తీశాడు. హారను మోగలేదు.

లోర్నా కర్టిస్ పిస్టల్ తీసుకుంది. పైభాగాన్ని వేళ్ల చివరలతో లాగబోతే ఆర్విడ్ ఆపాడు. అరచెయ్యంతా పైనుంచి కప్పి పట్టుకుని, రెండో చేత్తో పిడిని ముందుకు తొయ్యమని చూపించాడు. బొటనవేలికి పనే లేకుండా పోయింది. ఎడమచేత్తో మొదటిది కాల్చింది, లోపల. రెండోది, లోపల. మూడోదానికి ఆమె భుజాలు దిగాయి. రోజూ వాడే తుపాకీ ట్రిగ్గర్ ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది, చేతికి ముందే తెలుసు. అయిదూ లోపలే.

ఇంక మిగిలింది ధర. లోర్నా సూటిగానే అడిగింది. “నీది ఖరీదైంది, నాకు తెలుసు. నా దగ్గర పెద్దగా లేదు. ఎంత కలపాలో నువ్వే చెప్పరా.”

కర్టిస్ బూటుతో మంచును తన్నుతూ నిలబడ్డాడు. అమ్మడం ఇష్టం లేదేమోననుకున్నాను. అతని చెవులు ఎర్రగా ఉన్నాయి, అది చలివల్లనో కాదో తెలియలేదు.

“ఒక మాట చెబుతాను, స్టేషన్లో చెప్పకూడదు,” అన్నాడు. “నిరుటి చలికాలం నుంచి నాకది అందట్లేదు. పొద్దున్నే మా ఆవిడే వంగి కాలికి కడుతోంది. సాయంత్రం మళ్లీ ఆవిడే విప్పుతోంది.”

ఎవరం నవ్వలేదు. లోర్నా అయితే చాలా గంభీరంగా తలాడించింది. ఆ తలాడించడం చూసి ముందు కర్టిస్‌కే నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఆర్విడ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. స్టేషన్లో చెప్పకూడదన్న మాటకు నేను నిలబడ్డాను, ఏడు నెలల పాటు.

నవ్వులయ్యాక కర్టిస్, రివాల్వర్‌తోపాటు అరవై డాలర్లు ఇస్తే చాలన్నాడు. అది మరీ తక్కువని లోర్నా ఒప్పుకోలేదు. అతను వినలేదు. ఆ బస్సులో తన సీటు కింద ఆమె ఎన్నిసార్లు కడిగిందో తనకు గుర్తుందని అన్నాడు. పదకొండేళ్ల వయసులో వంకర రోడ్డెక్కితే చాలు అతనికి కడుపులో తిప్పేది. లోర్నా ఒక్కరోజు కూడా ఆ సంగతి మిగతా పిల్లల ముందు ఎత్తలేదట, అతనికి తలనొప్పి వచ్చిందని చెప్పి ముందు సీటుకు పిలిచి కూర్చోబెట్టుకునేదట. ఈ కథ నాకు అప్పటిదాకా తెలియదు. లోర్నా, “సరే, అరవై ఇస్తాను. శుక్రవారం శుక్రవారం మీ ఇంటికి కూర కూడా పంపుతాను, పేస్టీలు కాదు, కాయగూరలు,” అంది. కర్టిస్ మొహం కొంచెం వాడింది గానీ ఒప్పుకున్నాడు.

కాగితాలు మార్పించడానికి ఇద్దరూ కలిసి హిల్మా దుకాణానికి వెళ్లారు. ఆవిడ జరిగిందంతా విని, తాను ముందే చెప్పానని అనలేదు. ఇద్దరికీ చెరొక ఒర అమ్మింది, అంతే. లోర్నాకు అమ్మింది ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి ప్లాస్టిక్ ఒర, నలభై అయిదు డాలర్లు. దాన్ని బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాకు ముందువైపు, ఎడమచేతికి అందేలా ఎక్కడ బిగించాలన్నది జీన్ చూసుకున్నాడు. పడవ కప్పులకు వాడే దారంతో నాలుగు వరసలు కుట్టాడు. వారం తర్వాత ఆర్విడ్ ఖాళీ పిస్టల్ అందులో పెట్టి, చొక్కాను తలకిందులుగా పట్టుకుని బాగా విదిలించాడు. కదల్లేదు. రెండు చేతులతో లాగి చూశాడు. కుట్టు ఊడలేదు. ఇది ఎవరు కుట్టారని అడిగి, తన పడవ కప్పు కూడా చిరిగిందని చెప్పాడు.

ఆరోజే లోర్నా కారు పరీక్ష మళ్లీ ఇచ్చింది. కోటు జిప్పు జానెడు కిందికి దించి ఉంచుకుంది, తొడుగు మళ్లీ నోట్లోకి వెళ్లింది, నాలుగు సెకన్లలో పిస్టల్ బయటికి వచ్చింది. చీఫ్ కాలియో ఇద్దరి కాగితాలమీదా సంతకం పెట్టాడు. డిపార్ట్‌మెంటుకు ఒక్క డాలరు ఖర్చు కాకుండా ఇంత పని జరిగినందుకు ఆయన చాలా ఆనందంగా ఉన్నాడు.

ఇది జరిగి ఏడాది దాటింది. డ్యూటీలో ఆ పిస్టల్ తీయాల్సిన అవసరం లోర్నాకు ఇంతవరకు రాలేదు. నెలకోసారి మైదానానికి వెళ్లి ఎడమచేత్తో ఒక డబ్బా తూటాలు కాల్చి వస్తుంది. కర్టిస్ భార్య ఒకరోజు నాకు ఫోన్ చేసి, పొద్దున్నే పది నిమిషాలు ఎక్కువ పడుకుంటున్నానని చెప్పింది. శుక్రవారం కూరలవల్ల అతను కొంచెం తగ్గాడు కూడా. అయితే ఎవరైనా చీలమండ మాట ఎత్తితే లేచి వెళ్లిపోతాడు.

మొన్న వసంతంలో మా దగ్గర ఒక కొత్తమ్మాయి చేరింది, నీనా వాండెన్‌బర్గ్ అని, ఇరవై నాలుగేళ్లది. ఆ అమ్మాయి కూడా రెండోది కొనాలనుకుంది. చేతిలో ఉన్నది అంతంతమాత్రం. కర్టిస్ సలహా చెప్పబోతే లోర్నా అతనివైపు ఒక చూపు చూసి, ఆ అమ్మాయిని శనివారం హిల్మా దుకాణానికి తీసుకెళ్లింది. నేనూ వెళ్లాను. మే నెల, బయట అందరూ పొట్టిచేతుల చొక్కాల్లో ఉన్నారు. లోర్నా మాత్రం ఆ అమ్మాయికి తన చలికోటు తొడిగి, తొడుగులు వేయించి, ఎరలడబ్బాల పక్కనున్న ఇరుకు కుర్చీలో కూర్చోబెట్టింది. హిల్మా ఆకుపచ్చ తువ్వాలు పరిచి తుపాకులు పెట్టడం మొదలుపెట్టింది. లోర్నా ఆ అమ్మాయి కుడిచెయ్యి గట్టిగా పట్టుకుని, ఎడమచెయ్యి చాపమంది.